ఇక రెండే మిగిలాయి!

ఆన్‌లైన్‌లో మోసం చేసే దుకాణాలకు ప్రభుత్వం వెంటనే ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం ప్రకటించాలి!

నవ్వకండి. ముప్పై రెండేళ్లు సర్కారు బడుల్లో సాంఘిక శాస్త్రం చెప్పి, ఆ పురస్కారానికి పదకొండుసార్లు దరఖాస్తు పెట్టుకుని, పదకొండుసార్లూ రాక, చివరికి శాలువా ఒకటి కప్పించుకుని రిటైరైన మనిషిని నేను. అటువంటి నేనే దాన్ని వేరేవాళ్లకు ఇవ్వమంటున్నానంటే ఎంత గుండె రాయి చేసుకుని అంటున్నానో మీరే ఆలోచించండి.

ఆ ముప్పై రెండేళ్లలో ప్రతి ఏడూ 'వినియోగదారుల హక్కులు' అనే పాఠం చెప్పాను. బిల్లు అడగాలి, తూకం చూడాలి, గడువు తేదీ చదవాలి అని బోర్డు నిండా రాసేవాణ్ని. పిల్లలు నోట్సులో ఎక్కించుకునేవారు, పరీక్షలో దించేసేవారు, మరునాడు బడి ముందు బండి దగ్గర గడువు దాటిన చాక్లెట్లు కొనుక్కునేవారు. వాళ్ల వెనకాల నిలబడి నేనూ కొనుక్కునేవాణ్ని.

అదే పాఠాన్ని ఆన్‌లైన్ దుకాణం ఒక్క పార్శిల్‌తో చెబుతుంది. చచ్చేదాకా మరిచిపోరు. బోర్డు లేదు, సుద్దముక్క లేదు, మధ్యాహ్న భోజనం లెక్కలు అసలే లేవు. ఫీజు మాత్రం ముందే తీసుకుంటారు. మంచి చదువు ఎక్కడైనా ఊరికే వచ్చిందా?

ఉప్పునుంతలలో నా దగ్గర చదువుకున్న రాజన్న ఇప్పుడు పత్తి రైతు. పోయిన వానాకాలం మందు కొట్టే బ్యాటరీ పంపు ఒకటి ఫోన్‌లో చూసి ఆర్డర్ పెట్టాడు. డబ్బా విప్పితే హోలీ నాడు పిల్లలు రంగునీళ్లు కొట్టుకునే ప్లాస్టిక్ తుపాకి ఉంది. ఏం చేయాలి సార్ అని నాకు ఫోన్ చేశాడు. పనిచేస్తుందా అని అడిగాను. బ్రహ్మాండంగా చేస్తుందట, పది గజాలు చిమ్ముతుందట. ఇక ఫిర్యాదు ఏమని రాస్తాం?

కానీ ఆ సాయంత్రం రాజన్న ఆ ప్రకటనను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు. పదో తరగతిలో ఒక్క పాఠాన్నీ చివరిదాకా చదవని రాజన్న! అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'బొమ్మలో చూపిన వస్తువుకూ పంపే వస్తువుకూ తేడా ఉండవచ్చు' అని ఉందట. ఆ వాక్యం ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. నేను రెండేళ్లు చేయలేని పని ఆ తుపాకి ఒక్క పూటలో చేసింది.

ఇటిక్యాల బడిలో పిల్లలకు వంట చేసిన కిష్టమ్మ కథ ఇంకా గొప్పది. ఆమె తడి పిండి రుబ్బే గ్రైండర్ ఆర్డర్ పెడితే గ్రైండర్ ఫోటో వచ్చింది. రంగుల ఫోటో, లామినేషన్ చేయించి మరీ పంపారు. కరెంటు తినదు, చప్పుడు చేయదు, తడిసినా పాడు కాదు. కిష్టమ్మ దాన్ని వంటింట్లో మేకుకు తగిలించి, రోలులోనే రుబ్బుకుంటోంది. మోకాళ్ల నొప్పి పోయిందని చెప్పలేను గానీ, ఏదైనా కొనేముందు నలుగురిని అడగడం మాత్రం మొదలుపెట్టింది.

భూగోళం సంగతి చెప్పనే లేదు! మా బడిలో దేశపటం చినిగిపోతే కొత్తది రావడానికి ఆరేళ్లు పట్టింది. ఇప్పుడు పటంతో పనేముంది? పార్శిల్ ఎక్కడుందో ఫోన్‌లో చూసుకుంటే చాలు. సూరత్‌లో బయలుదేరింది, భివండిలో పడుకుంది, బెంగళూరులో మేల్కొంది, రాయచూరు దాకా వచ్చి మళ్లీ బెంగళూరుకే పోయింది. నా భార్య వసంత పెళ్లైనప్పటి నుంచి కర్నూలు దాటలేదు. ఆమెకిప్పుడు దేశంలో గోదాములున్న ఊళ్లన్నీ కంఠతా వచ్చు.

ఇంతకీ నాకీ విషయాలు మాట్లాడే అర్హత ఏమిటని అడుగుతారేమో. నేను మా గద్వాల వినియోగదారుల చైతన్య సమితికి అధ్యక్షుణ్ని. బస్టాండు దగ్గర జిరాక్సు షాపు నడిపే నిరంజన్ కార్యదర్శి. సభ్యులు ఇంకా చేరలేదు. కరెంటు పోయి జిరాక్సు మిషను ఆగినప్పుడల్లా సమావేశం జరుగుతుంది. ఎండాకాలం సమితి చాలా చురుకుగా పనిచేస్తుంది.

ఇటువంటి అధ్యక్షుడి ఇంట్లోనే ఆన్‌లైన్ దుకాణం వారు పాఠం చెప్పారు. అందుకే వాళ్ల బోధనా పద్ధతి గురించి ఇంత వివరంగా రాయగలుగుతున్నాను.

మా అత్తమ్మ పేరు జమ్ములమ్మ. మా ఊరి జాతర తల్లి పేరే ఆమెకు పెట్టారు. నలభై రెండేళ్లు గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చుని గద్వాల చీరలు నేసింది. చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగుకు పట్టు పోగును ఒక్కొక్కటే వేళ్లతో మెలిపెట్టి కొంగు అతికేది. ఆమె నేసిన చీరలు ఎక్కడెక్కడి పెళ్లిళ్లకో పోయాయి. ఆ నలభై రెండేళ్లూ ప్రతి పెళ్లికీ ఆమె మాత్రం సింథటిక్ చీరలో పోయింది. మగ్గం మీద నుంచి దిగిన చీర దిగినట్టే సావుకారు దుకాణానికి పోయేది. పడుగు ఆయనది, పట్టు ఆయనది, జరీ ఆయనది. మెలిపెట్టిన వేళ్లు మాత్రం ఈమెవి.

ఒక చీర కొనిస్తానని నేను చాలాసార్లు అన్నాను. అత్తమ్మ పుట్టిల్లు రాయచూరు దిక్కు. ఏదైనా వద్దనుకుంటే ఆమె నోట కన్నడమే వస్తుంది. ధర వినగానే "బ్యాడ" అనేది. అంతటితో ఆ మాట ముగిసేది. నిజం చెప్పాలంటే, ఆమె బ్యాడ అన్నప్పుడల్లా నా ప్రాణం కొంచెం తేలికపడేది.

ఐదేళ్ల కింద ఆమె నేసిన చివరి చీర ముదురు పసుపుపచ్చ. కుంకుమరంగు కొంగు మీద హంసల వరుస. ఒక్కో హంసనూ చేత్తో పోగులెత్తి నేయాలి. అప్పటికే ఆమె కళ్లకు శుక్లాలు వచ్చాయి, ఎవరికీ చెప్పలేదు. హంసలన్నీ కుడివైపు చూస్తుంటే, చివరి నుంచి మూడోది ఎడమకు తిరిగి కూర్చుంది. సావుకారు దాన్ని వేలితో చూపించి, ఇక కళ్లు పోయినయి, మగ్గం ఇప్పేయమన్నాడు. ఆ వారం కూలిలో కొంత కోశాడు కూడా. తర్వాత దవాఖానలో ఆపరేషన్ చేయిస్తే చూపు బాగానే వచ్చింది. అప్పటికి మగ్గం కర్రలు అటకెక్కాయి. ఆ ఒక్క హంసతో ఆమె పని ఆగిపోయింది.

పోయిన జనవరిలో ఒకరోజు వసంత ఫోన్ చూస్తూ ఉన్నట్టుండి అమ్మా అని కేకేసింది. ఫేస్‌బుక్‌లో ఒక చీరల దుకాణం ప్రకటన. 'హస్తకళా పట్టు భాండారం' అట. ముదురు పసుపుపచ్చ చీర, కుంకుమ కొంగు, హంసల వరుస. చివరి నుంచి మూడో హంస ఎడమకు తిరిగి ఉంది.

అత్తమ్మ ఫోన్ తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుంది. తర్వాత తెర మీద ఆ హంసను వేలితో తడిమింది. వేలు తగిలి బొమ్మ పైకి జరిగిపోతే మళ్లీ కిందికి తెమ్మంది.

ధర పద్నాలుగు వందల తొంభై తొమ్మిది!

ఇక్కడ చదువరులు ఒక విషయం గమనించాలి. మామూలు మనుషులైతే ధర చూసే ఇది నకిలీ అనుకుంటారు. మా ఇంట్లో వాళ్లకు ఆ కొంగు అతకడానికి ఎంత సేపు పడుతుందో తెలుసు, పట్టు కిలో ఎంతో తెలుసు, జరీ ఎంతో తెలుసు. ఆ ధరకు కొంగు కూడా రాదని పుట్టినప్పటి నుంచి తెలుసు. అయినా నమ్మారు. ఎందుకు? ఫోటోలో ఉన్నది నిజంగా ఆమె చీరే కాబట్టి! లోకంలో ఇంకే కొనుగోలుదారుకైనా ఈ అవకాశం ఉంటుందా? చేసిన మనిషే వచ్చి ఇది నా చేతిపనే అని సర్టిఫికెట్ ఇచ్చాక ఇంకా అనుమానమేమిటి?

అత్తమ్మ లెక్క చాలా సూటిగా ఉంది. హైదరాబాదులో ఎవరో కొనుక్కున్నారు, నాలుగుసార్లు కట్టుకున్నారు, హంస తిరగబడిందని మోజు తీరి అమ్ముకుంటున్నారు. పాత చీర కాబట్టి అగ్గువ. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె బ్యాడ అనలేదు. మాఘమాసం జాతరకు ఆ చీర కట్టుకుని పోతానంది. సాయంత్రానికి వీధంతా చెప్పి వచ్చింది.

వినియోగదారుల చైతన్య సమితి అధ్యక్షుడిగా నేను పద్ధతి ప్రకారం పరిశీలన మొదలుపెట్టాను. ముందు సమీక్షలు చూశాను. నాలుగు వందల మంది ఐదేసి నక్షత్రాలు ఇచ్చారు. అందరూ ఒకే రోజు, ఒకే మాటల్లో, ఒకే అక్షరదోషంతో మెచ్చుకున్నారు. ఇంత ఐకమత్యం ఈ రోజుల్లో ఎక్కడుందని మురిసిపోయాను.

తర్వాత చిరునామా చూశాను. 'కోట వెనుక, మూడో వీధి, గద్వాల' అని ఉంది. మన ఊరే! ఇల్లు కదలకుండా కడుపు నిండింది నాకు. మన ఊళ్లోనే ఉన్న దుకాణాన్ని పోయి చూసేదేముంది? ఫోన్ నంబరు లేదు. పెద్ద దుకాణాలవాళ్లు తీరిక లేక పెట్టరనుకున్నాను. డబ్బు ముందే కడితే వంద రూపాయలు తగ్గింపు అన్నారు. ముందే కట్టడానికి సిద్ధపడ్డాను.

ఫోటో కింద ఎర్రటి అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి. త్వరపడండి, ఇక రెండే మిగిలాయి! పక్కనే ఒక గడియారం వెనక్కి నడుస్తోంది. వసంత అది పైకి చదివింది.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "నేను నేసింది ఒక్కటే గదా అల్లుడా. రెండెట్ల మిగులుతయి?"

పాఠక మహాశయులారా, దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పదహారు పేజీల పాఠంలో నేను చెప్పలేనిది, బడి మొఖం చూడని ఆ ముసలామె ఒక్క ప్రశ్నలో అడిగేసింది. దానికి నేనేం చేశాను? నవ్వాను! అది కంప్యూటర్ భాష అత్తమ్మా అన్నాను. ఒకటే అంటే జనం నమ్మరని, రెండని రాయడం వ్యాపార మర్యాద అని వివరించాను. స్టాకు, డిమాండు, సప్లయి అని అర్థశాస్త్రం కూడా కొంత చెప్పాను.

ఆమె అంతా విని, "నాకేం తెల్వదు. సదువుకున్నోనివి నువ్వు" అంది. నేను డబ్బు కట్టేశాను.

పార్శిల్ పదిహేడు రోజులు దేశమంతా తిరిగింది. జాతర ఇంకా తొమ్మిది రోజులుందనగా పార్శిళ్లు తెచ్చే హన్మంతు బండి మా గుమ్మం ముందు ఆగింది. అత్తమ్మ అప్పటికే మూడు రోజులుగా గుమ్మంలోనే కూర్చుంటోంది. తెరిచేటప్పుడు వీడియో తీసిపెట్టుకో సార్, ఏదన్న తేడా వస్తే అదొక్కటే రుజువు అని హన్మంతు చెప్పాడు. సమితి అధ్యక్షుడికి పార్శిల్ బండివాడు చెప్పడమా? నాకు తెలుసులే అన్నాను. వీడియో తీయలేదు.

కవరు విప్పితే చీర ఉంది. ముదురు పసుపుపచ్చే. అత్తమ్మ చేతిలోకి తీసుకుంది, బొటనవేలితో కొంగు అతుకు వెతికింది. అతుకు లేదు. అతుకు బొమ్మ ఉంది. నూలూ పట్టూ కలిసినట్టు గీత అచ్చు వేశారు. జరీ మెరుపు అచ్చు వేశారు. హంసలన్నీ అచ్చువే. గుడ్డ గొడుగు బట్టలా జారిపోతోంది.

చివరి నుంచి మూడో హంస ఎడమకే తిరిగి ఉంది.

అంటే ఆ ఫోటోను పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు అచ్చు తీశారన్నమాట. ఎంత నిజాయితీ! సావుకారు కూలి కోసిన తప్పును కూడా వాళ్లు వదిలిపెట్టలేదు. దానికి తోడు కొంగు చివర, ఓ మూలన కోడిగుడ్డంత గోధుమరంగు మచ్చ ఉంది. వసంత దాన్ని సబ్బుతో రుద్దింది, నిమ్మకాయతో రుద్దింది, కిరోసిన్‌తో కూడా రుద్దింది. మచ్చ పోలేదు. చీర మాత్రం కొంచెం పోయింది.

అత్తమ్మ ఏడవలేదు. చీరను మడతపెట్టి నా ఒళ్లో పెట్టింది. మడత కూడా పాత అలవాటు ప్రకారం అంచు మీద అంచు కలిపే పెట్టింది. నాకు చాలా సిగ్గేసింది. ఆ సిగ్గును కోపంగా మార్చుకుని ఫోన్ తీశాను.

దుకాణం సైటు లేదు! పదిహేడు రోజుల కింద నాలుగు వందల మంది మెచ్చుకున్న దుకాణం ఉన్నచోట ఇప్పుడు తెల్లటి తెర ఉంది. కోట వెనక మూడో వీధికి పోయాను. మా ఇంటి నుంచి నడిస్తే పన్నెండు నిమిషాలు. అక్కడ రెండు ట్రాక్టర్లు, వాటి నీడలో ఒక బర్రె ఉన్నాయి. ఆ పన్నెండు నిమిషాలూ ముందే నడిచి ఉంటే ఆ బర్రే నాకు అన్నీ చెప్పేది.

అప్పుడు గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికాను. వెంటనే దొరికింది! ఎత్తింది సుష్మిత అనే అమ్మాయి. ఎంత మర్యాద! సార్, మీ డబ్బు మొత్తం వాపస్ ఇస్తామంది. ముప్పై రెండేళ్లలో ఏ ఆఫీసులోనూ నా మాట ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు. ఫోన్‌లో ఒక యాప్ ఎక్కించుకోమంది, ఎక్కించుకున్నాను. మీ బ్యాంకు ఏదని అడిగింది, చెప్పాను. ఇప్పుడొక ఓటీపీ వస్తుంది, చదవండి సార్ అంది. కళ్లజోడు కోసం వెతుక్కుంటున్నాను.

వసంత వంటింట్లోంచి వచ్చి ఫోన్ లాక్కుంది. "పైసలు ఇచ్చేటోళ్లకు నీ ఓటీపీ ఎందుకు? దొంగల ఇంటికి పోయి తాళంచెవి ఇస్తవా?" అని ఫోన్ కట్ చేసి, ఆ యాప్ తీసేసి, బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించింది. కళ్లజోడు నా నెత్తి మీదే ఉంది. ఆ రోజు నా పింఛను కాపాడింది ఆ కళ్లజోడు కనపడకపోవడమే.

చివరికి చేయాల్సిన పని చేశాను. సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేశాను. వాళ్లు ఓపికగా విన్నారు. మోసం జరిగిన వెంటనే చేస్తే పోయిన డబ్బును మధ్యలో ఆపే వీలుంటుంది సార్, మీరు పదిహేడు రోజులు ఆలస్యం చేశారన్నారు. ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు, పార్శిల్ తెరిచిన వీడియో ఉన్నాయా అని అడిగారు. ఇవన్నీ దాచుకోవాలని నేను పిల్లలకు చెప్పేవాణ్నని వాళ్లకు చెప్పాను.

వసంత ఆ ప్రకటన ఫోటోను మా చుట్టాల గ్రూపులో పెట్టింది కాబట్టి అదొక్కటే మిగిలింది. ఫిర్యాదుకు జతచేద్దామని నిరంజన్ షాపుకు పోయి పెద్దగా ప్రింటు తీయమన్నాను. సమితి కార్యదర్శి ఆ కాగితాన్ని వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"సార్, ఈ మూలకున్నది మచ్చ గాదు. బొటనవేలు. గోరు నడుమ చీలింది చూడు" అన్నాడు.

నా కుడిచేతి బొటనవేలు గోరు నడుమ చీలి ఉంటుంది. చిన్నప్పుడు తలుపు సందులో పడి నలిగింది. నేను ఆ చేతిని మెల్లగా జేబులో పెట్టుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఐదేళ్ల కింద, సావుకారుకు అప్పజెప్పే ముందు, ఆ చీరను మంచం మీద పరిచి నేనే ఫోటో తీశాను. కొత్తగా కొన్న ఫోన్. రోజుకు నలభై ఫోటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టే రోజులవి. 'మా అత్తమ్మ చేతిపని' అని రాసి దీన్నీ పెట్టాను. అరవై మూడు లైకులు వచ్చాయి. అందులో ఒకటి హస్తకళా పట్టు భాండారం వారిది అయి ఉంటుంది. దొంగకు తాళంచెవి ఇంటికెళ్లి ఇచ్చింది ఐదేళ్ల కిందే అన్నమాట. ఆ రాత్రి ఇంట్లో వేలు చూపించి అంతా ఒప్పుకున్నాను.

అంటే ఈ దేశంలో ఇప్పుడు ఎంతమంది ఆడవాళ్లు కొంగు మీద నా బొటనవేలు వేసుకుని పేరంటాలకు పోతున్నారో! ఏ ఉత్తమ ఉపాధ్యాయుడి వేలిముద్రయినా ఇంత దూరం పోయిందా?

జాతర రోజు వచ్చింది. అత్తమ్మ పాత నీలం సింథటిక్ చీరే కట్టుకుంది. వీధిలో వాళ్లు ఏదీ నీ చీర అని అడిగితే ఇంకా రాలేదంది. గుడి దగ్గర వరుసలో నిలబడ్డాక మా ముందు ఒకామె ముదురు పసుపుపచ్చ చీరలో కనిపించింది. అటు దుకాణాల దగ్గర ఇంకొకామె. బండి దిగుతూ ఇంకొకామె. నేను ఐదుగురిని లెక్కపెట్టి ఆపేశాను. ఐదుగురి కొంగు మూలనా నా వేలు ఉంది.

అత్తమ్మ ముందున్నామె కొంగును చేతిలోకి తీసుకుంది. ఆమె వెనక్కి తిరిగి సంతోషంగా నవ్వింది. అసలైన గద్వాల చీర పెద్దమ్మా, ఫోన్‌ల తెప్పించిన, పద్నాలుగు వందలకే అని చెప్పింది. నేను నోరు తెరవబోయాను. అత్తమ్మ నా చేయి నొక్కింది. మంచిగున్నది బిడ్డా అని ఆమెకు చెప్పి కొంగు వదిలేసింది. అంత దూరం నుంచి అంత సంతోషంగా వచ్చిన మనిషికి అమ్మవారి ముందు ఆ మాట చెప్పడం ఆమెకు ఇష్టం లేదు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో అత్తమ్మ అంది. "నా తప్పు కట్టుకున్నరు. నీ వేలు కట్టుకున్నరు. నా చీర నేనే కట్టుకోలే."

ఇదీ సంగతి. ఇప్పటిదాకా నేను రాసిందంతా చదివి, దొంగ దుకాణాలకు పురస్కారం ఇవ్వాలని మీరెవరైనా సంతకాల సేకరణ మొదలుపెట్టి ఉంటే దయచేసి ఆపండి. నా మొదటి వాక్యాన్ని వాపస్ తీసుకుంటున్నాను. డబ్బు పోయినందుకు కాదు, ఆ డబ్బు నా తెలివికి కట్టిన జరిమానా. సింథటిక్ గుడ్డ మీద మా ఊరి పేరు అచ్చేసి అమ్ముతున్నారు. అది కొన్నవాళ్లు రెండు ఉతుకులయ్యాక గద్వాల చీరలింతే అంటారు. ఆ మాట పడేది సైటు మూసుకుని పోయినవాడు కాదు, గుంట మగ్గంలో కూర్చున్న మనిషి. నా కడుపుమంట అది. ఇంకో మంట కూడా ఉంది. రెండెట్ల మిగులుతాయని అడిగిన మనిషిని చూసి నేను నవ్వాను.

మరునాడు పొద్దున అత్తమ్మను వెంటబెట్టుకుని బయలుదేరాను. ఆమె తమ్ముడి కొడుకు సుదర్శన్ ఇల్లు మా వెనక సందులోనే. మూడు నిమిషాల నడక. ఆ సందులో ఇంకా మగ్గం ఆడుతున్న ఇళ్లు నాలుగే ఉన్నాయి, అందులో అదొకటి. అక్కడ నక్షత్రాలు లేవు, వెనక్కి నడిచే గడియారం లేదు, వంద రూపాయల తగ్గింపు లేదు. మగ్గం మీద పడుగు ఒక్కటే ఉంది, ఒక్కటే అని చెప్పారు. ధర ఆ దుకాణం ధరకు పది రెట్లు. సుదర్శన్ ఆ ధర చెబుతుంటే నేను అత్తమ్మ మొఖం చూస్తూ బ్యాడ అనే మాట కోసం ఎదురుచూశాను.

ఆమె అనలేదు. పట్టు పోగును వేళ్ల మధ్య పెట్టి చూస్తూ ఉండిపోయింది.

హంసలు ఎట్ల పెట్టమంటవ్ అత్తా, ఒకటి ఎడమకు తిప్పాల్నా అని సుదర్శన్ నవ్వుతూ అడిగాడు. అదే ఆమె గుర్తు కదా, తిప్పితేనే బాగుంటుందని నేనూ అన్నాను.

"బ్యాడ," అంది అత్తమ్మ. "అన్నీ సక్కగ పెట్టు. తప్పు వాండ్ల దగ్గర్నే ఉండనీ."

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు మాత్రం ఫోటో తియ్యకు అల్లుడా."

అప్పటికే బయటికి తీసిన ఫోన్‌ను మళ్లీ జేబులో పెట్టుకున్నాను.